అత్తమ్మ గది నీలం

వచ్చే నెల మా అబ్బాయి ఎంగేజ్‌మెంట్. అమ్మాయి వాళ్ళు ఇల్లు చూడడానికి వస్తారు కాబట్టి లోపల ఒకసారి రంగులు వేయిద్దామని మా ఆయన పోయిన ఆదివారం పెయింటర్‌ను పిలిపించారు. అతను హాలు చూశాడు, వంటిల్లు చూశాడు, టేపు పెట్టి కొలతలు రాసుకున్నాడు. అత్తమ్మ గది గుమ్మంలో మాత్రం ఆగిపోయాడు.

“ఇది కరోనా టైంల వేసిన కలర్ గద సార్? అప్పుడు అందరు ఇంట్ల కూసోని కూసోని ఏందేందో రంగులు వేసుకున్నరు. ఇప్పుడు అందరు తీసేపిచ్చుకుంటున్రు. దీన్ని గూడ క్రీమ్ చేసేద్దాం.”

పక్కనే ఉన్న మా వదిన, అంటే మా ఆయన అక్క, “మంచిగ చెప్పినవు. ఊర్ల ఇల్లు లెక్క కొడుతున్నది” అంది.

అత్తమ్మ అదే గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఆమెకు 82 ఏళ్ళు. మాట్లాడుకుంటున్నది ఆమె గోడ గురించి. ఒక్కరూ ఆమె వైపు తిరగలేదు. నేనూ తిరగలేదు. ఈ వారం రోజులుగా అదే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

కరోనా రంగులు అని తీసిపారేసే మాట ఈ మధ్య చాలాసార్లు విన్నాను. ఏం చేయాలో తోచక చేసిన పనుల్లో గోడల రంగులను కూడా కలిపేస్తున్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఆ ఏడాది కొందరం ముదురు రంగులు ఎంచుకున్నామంటే, ఆ గోడల మధ్య రోజంతా ఉండేది ఎవరో అప్పుడు కళ్ళారా చూశాం కాబట్టి ఎంచుకున్నాం. తర్వాత మళ్ళీ ఆఫీసులకు, బడులకు వెళ్ళిపోయాం, చూసింది మరిచిపోయాం.

పగటి వెలుగులో గోడలు

మాది హన్మకొండలో 2006లో కట్టుకున్న ఇల్లు. రెండు పడకగదులు, హాలు, వంటిల్లు, అన్నీ క్రీమ్ కలరే. ఎవరు ఎంచుకున్నారని అడిగితే చెప్పలేను. మేస్త్రీ అన్నాడు, పక్కింటివాళ్ళదీ అదే. లేత రంగైతే గది పెద్దగా కనిపిస్తుంది, రేపు కిరాయికి ఇచ్చినా అమ్మినా ఇబ్బంది ఉండదు అన్నారు. ఉండడానికి కట్టుకున్న ఇంట్లో గృహప్రవేశం కాకముందే అమ్మకం మాట వచ్చిందని అప్పుడు నాకు తట్టలేదు.

నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ను. పొద్దున ఎనిమిదింటికి బయటపడితే సాయంత్రం ఐదు దాటాకే ఇల్లు చేరేదాన్ని. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, వచ్చేసరికి రాత్రయ్యేది. పిల్లలకు బడి, కాలేజీ, ట్యూషన్లు. 2020 మార్చి ఆఖరి వారంలో అందరం ఇంట్లో పడ్డాక గానీ, మధ్యాహ్నం రెండింటికి మా హాల్లో ఎండ ఏ గోడ మీద పడుతుందో నాకు తెలియదు. పద్నాలుగేళ్ళుగా ఉంటున్న ఇల్లు. ఆ పద్నాలుగేళ్ళూ పగటి పూట ఆ గోడలను చూసింది అత్తమ్మ ఒక్కతే.

ఆ రోజుల్లో రంగుల పేర్లు వింటే భయం వేసేది. మే 1న కరోనా తీవ్రతను బట్టి కేంద్రం ఇచ్చిన జిల్లాల జాబితాలో అప్పటి వరంగల్ అర్బన్ జిల్లా రెడ్ జోన్, ఆనుకునే ఉన్న వరంగల్ రూరల్ గ్రీన్ జోన్. అత్తమ్మ పుట్టిల్లు పరకాల దగ్గర. అది అప్పుడు రూరల్‌లో ఉండేది. వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి, “అక్కా, మీరు ఎర్రల ఉన్నరు, మేం పచ్చల ఉన్నం. ఇటు రాకుండ్రి” అన్నాడు. తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఆయన భయం ఆయనది. ఫోన్ పెట్టేశాక అత్తమ్మ చాలాసేపు క్రీమ్ గోడ వైపు చూస్తూ కూర్చుంది. అప్పుడే అడిగాను, “ఈ గోడకు ఏ రంగుంటే బాగుంటుంది అత్తమ్మా?” అని. నిజానికి ఆమెను మాటల్లో పెట్టడానికి అడిగిన మాట అది, రంగులు వేయించే ఆలోచనేమీ లేదు.

“మీ ఇష్టం బిడ్డా” అంది.

మర్నాడు పప్పు ఏరుతూ తనంతట తానే మొదలుపెట్టింది. వాళ్ళ ఊరిలో పెంకుటిల్లు, దసరాకు ముందు సున్నాలు. సున్నంలో నీలిమందు కలిపేవాళ్ళు. వాళ్ళ నాయిన కొద్దిగా కలిపితే అమ్మ ఇంకింత పోయమనేది. గోడ కింద మోకాలెత్తు జాజు పట్టె, అంటే ఎర్రమట్టి పూత. “పొద్దుగాల లేవంగనే నీలం కనవడాలె. గప్పుడే ఇల్లు లేసినట్టు” అంది. పద్నాలుగేళ్ళలో ఈ మాట మేం అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

పని దొరకని మనిషి, సిగ్గుపడ్డ మనిషి

మే నెలలో హార్డ్‌వేర్ దుకాణాలు తెరిచాక, మా ఇంటికి అంతకు ముందు తలుపులకు రంగేసిన పెయింటర్ ఫోన్ చేశాడు. “ఏదన్న చిన్న పని ఉన్నా చెప్పుండ్రి మేడం. రెండు నెలలాయె బ్రష్ పట్టక.” కూలీల అడ్డా మీదికి పోతే పోలీసులు పంపించేస్తున్నారట, పిలిచేవాళ్ళూ లేరట. ఆ ఫోన్ రాకపోతే అత్తమ్మ నీలం మాటల దగ్గరే ఆగిపోయేది.

నాకు ఇక్కడ ఒక సందేహం ఉంది, అది ఇప్పటికీ తీరలేదు. టీవీలో పిల్లలను ఎత్తుకుని వందల కిలోమీటర్లు నడిచిపోతున్న కూలీలు. మా బడి పిల్లల తండ్రుల్లో సగం మందికి పని లేదు. మా ఆయనకు సగం జీతమే వస్తోంది. అలాంటప్పుడు షేడ్ కార్డు ముందేసుకుని ఈ నీలమా, ఆ నీలమా అని కూర్చోవడం తగిన పనేనా? రెండు రోజులు సిగ్గుగానే ఉంది. ఒక మనిషికి నాలుగు రోజుల పని దొరికింది కదా అని సర్దిచెప్పుకున్నాను. అది సగం జవాబే. మిగతా సగానికి నా దగ్గర జవాబు లేదు. ఇల్లంతా వద్దనుకుని రెండే గోడలు వేయించాం. కూలీ, సామాను కలిపి 9,000 దాటలేదు.

అత్తమ్మకు అప్పటికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఏప్రిల్‌లో ఆపరేషన్ అనుకున్నాం, అత్యవసరం కానివన్నీ ఆసుపత్రుల్లో వాయిదా వేసేశారు. షేడ్ కార్డులో ఏ నీలం చూపించినా “ఇది బూడిద కాదా?” అనేది. పెయింటర్ ఓపికకు దండం పెట్టాలి. తెల్ల ఎమల్షన్‌ను చిన్న డబ్బాల్లోకి తీసుకుని, నీలి స్టెయినర్ చుక్కలు చుక్కలుగా వేసి కలిపి, గోడ మీద జానెడు జానెడు పట్టీలు గీసి చూపించాడు. ఆమె ప్రతిసారీ “ఇంకింత నీలి పొయ్యి కొడుకా” అంది. ఆరో పట్టీ దగ్గర ఆగింది. మా అందరి కళ్ళకూ అది భరించలేనంత ముదురు. మా ఆయన నన్ను పక్కకు పిలిచి, “అమ్మకు కనిపించక అంటున్నది, మూడో పట్టీదే వేయిద్దాం, ఆమెకేం తెలుస్తది” అన్నారు. నేనూ ఒక నిమిషం సరే అనబోయాను. కానీ ఆ గోడను రోజూ చూసే కళ్ళు ఆమెవి. ఆరోదే వేయించాం. కిటికీకి ఎదురుగా ఉన్న ఒక్క గోడకే వేశాడు, మిగతా మూడూ లేతగానే ఉంచాం. ముదురు రంగు వెలుతురును మింగుతుంది, నాలుగు గోడలూ వేస్తే పగలు కూడా లైటు కావాల్సి వచ్చేది.

వేసిన వారానికి నేను అనుకోనిది ఒకటి గమనించాను. అంతకు ముందు ఆమె రాత్రి లేచినప్పుడు బాత్‌రూం తలుపు కోసం, స్విచ్ కోసం గోడంతా తడిమేది. క్రీమ్ గోడ, క్రీమ్ తలుపు చట్రం, తెల్ల స్విచ్‌బోర్డు, చూపు మందగించిన కంటికి అన్నీ ఒకటే. నీలం మీద క్రీమ్ చట్రం, తెల్ల బోర్డు విడిగా తేలి కనిపించడం మొదలైంది. తడమడం ఆగింది. పెద్దవాళ్ళున్న ఇంట్లో గోడకూ తలుపుకూ స్విచ్‌లకూ రంగు తేడా ఉండాలని మాకు ఏ మేస్త్రీ చెప్పలేదు. అందరూ చెప్పింది గది పెద్దగా కనబడాలనే.

2021 ఫిబ్రవరిలో, రెండు వేవ్‌ల మధ్య, ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు తీసి ఇంటికి తెచ్చాక ఆమె గదిలోకి వెళ్ళి గుమ్మంలోనే నిలబడిపోయింది. “ఓయమ్మ, గింత నీలమా ఇది!” అంది. శుక్లం ముదిరితే కంటి కటకం పసుపు పచ్చబడి నీలపు వెలుగును లోపలికి రానివ్వదని డాక్టర్ చెప్పారు. ఆ సాయంత్రమంతా ఆమె ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి గోడను చూసుకుంది. ఒక కంటికి నీలం, ఒక కంటికి పాత బూడిద. “మరీ ముదురైందేమో, తగ్గించమందామా?” అని అడిగాను. “ఇప్పుడే గద దొరికింది, ఉండనియ్యి” అంది.

ఎర్ర గోడ

రెండో గోడ మధ్య గదిలో. అది నేనూ, అప్పుడు ఎనిమిదో తరగతి నుంచి తొమ్మిదికి వెళ్తున్న మా అమ్మాయీ కలిసి ఎంచుకున్నాం. గుడ్డ మీద కథలు గీసే చేర్యాల బొమ్మలు చూసినప్పటి నుంచీ నాకు ఆ ఎరుపంటే ప్రాణం. అవి గీసే నకాషీ వాళ్ళు గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి, బొమ్మల వెనక ఖాళీ అంతా ఎర్రగా నింపుతారు. ఆ ఎరుపు మీద ఏ బొమ్మ వేసినా బతికి వచ్చినట్టుంటుంది. అలాంటి గోడ కావాలనుకున్నాం. పెయింటర్ ముందే చెప్పాడు, ఎరుపు ఒక పట్టాన నిండదు, మూడు కోట్లన్నా పడాలని. నాలుగు పట్టాయి.

అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ చదువుల ఛానల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. మా అమ్మాయి ఆ గదిలోనే కూర్చుని వినేది, నేను అక్కడి నుంచే మా బడి పిల్లలకు ఫోన్లు చేసేదాన్ని. ఆ కొన్ని నెలలు ఆ గోడ మాకు తోడుగా అనిపించింది.

2021 మే నెలలో మా ఆయనకు పాజిటివ్ వచ్చింది. అత్తమ్మ గది కాక బాత్‌రూం ఉన్న గది అదొక్కటే కాబట్టి అందులోనే ఉంచాం. బయట మళ్ళీ లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకే దుకాణాలు. ఆశా కార్యకర్త మందుల కిట్ ఇచ్చి వెళ్ళింది. గుమ్మం దగ్గర కంచం పెట్టి వెనక్కి జరిగేదాన్ని. పూటపూటకూ ఆక్సీమీటర్ అంకె లోపలి నుంచి గట్టిగా చెప్పేవారు. ఆరో రోజు రాత్రి జ్వరంలో, “ఆ గోడ మీదికొస్తున్నది, లైట్ వేసి ఉంచు” అన్నారు. ఆక్సిజన్ తగ్గలేదు, ఆసుపత్రి దాకా పోలేదు, బయటపడ్డారు. కానీ తర్వాత కూడా ఆయన ఆ గదిలోకి వెళ్ళేవారు కాదు. చార్జర్ కావాలన్నా అమ్మాయిని పంపేవారు.

అడగడానికి ఆయనకు మొహమాటం, ఎందుకంటే ఆ ఎరుపు నాకెంత ఇష్టమో తెలుసు. జూన్ 20న లాక్‌డౌన్ ఎత్తేశాక నేనే పెయింటర్‌ను పిలిపించి ఆ గోడను లేత రంగుకు మార్పించాను. ఎరుపును మూయడానికి ప్రైమర్ మీద మళ్ళీ మూడు కోట్లు. మొదటి కోటు కింద నుంచి గులాబీగా తేలుతూనే ఉంది.

కాబట్టి ముదురు రంగులన్నీ మంచివని నేను అనడం లేదు. షేడ్ కార్డుల మీద, వాట్సాప్‌లో నీలం ప్రశాంతత, పసుపు ఉత్సాహం, ఎరుపు శక్తి అని రాస్తారు. ఈ రెండు గోడలు చూశాక నాకు వాటి మీద నమ్మకం పోయింది. అదే నీలం మా పక్కింటావిడకు ఆసుపత్రి కర్టెన్లను గుర్తుచేస్తుంది. ఆమె మా ఇంటికి వస్తే ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటుంది, నేనూ కుర్చీ అటు తిప్పే వేస్తాను. రంగులో ఏముందో కార్డు చెప్పలేదు, ఆ గదిలో ఉండేవాళ్ళను అడగాలి. నీలం ఉంచినా, ఎరుపు తీసేసినా నేను విన్నది ఉండేవాళ్ళ మాటే.

ఊళ్ళో ఇల్లు లాగా

వదిన అన్న మాట దగ్గరికి వస్తాను. ఊర్ల ఇల్లు లెక్క. ఆ మాటలో చెడు ఉద్దేశం లేదు, ఆమె మంచి మనిషి. కరోనా రోజుల్లో మాకు బియ్యం, కారం పంపింది ఆమే. అయినా ఆ మాట నన్ను గుచ్చింది, ఎందుకంటే ఈ గొడవంతా అందులోనే ఉంది. క్రీమ్ కలర్ అంటే చదువుకున్న ఇల్లు, ముదురు రంగు అంటే పల్లెటూరి ఇల్లు అని మనం ఎప్పుడో ఒప్పేసుకున్నాం. వెలుతురు, గది పెద్దగా కనబడడం, ఇవన్నీ ఆ తర్వాత చెప్పే కారణాలు.

కానీ ఈ నేలకు రంగంటే ఎప్పుడు భయముంది? గునుగు పువ్వు పుట్టుకతో తెల్లనిది. దాన్ని కట్టలు కట్టి, కొసలు రంగు నీళ్ళలో ముంచి, గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగులు ఎక్కించి, తంగేడు పసుపు పక్కన, కట్ల పూల నీలం పక్కన పేరుస్తాం. మా హన్మకొండ పద్మాక్షి గుట్ట కింద సద్దుల బతుకమ్మ నాడు నిలబడితే ఎటు చూసినా ఆ రంగులే. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాల మీది ఎరుపు, నీలం పట్టెలు చూడండి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాం. అవే రంగులు ఇంటి గోడ మీదికి వస్తే మాత్రం పెళ్ళివారు ఏమనుకుంటారో అని టెన్షన్.

అమ్మాయి తరఫు వాళ్ళు రంగు గురించి ఒక్క మాటైనా అన్నారా అంటే, లేదు. వాళ్ళు ఇంకా మా ఇల్లే చూడలేదు. రాని మాటకు భయపడి, ఉన్న మనిషి గోడను మార్చేస్తున్నాం.

పెయింటర్ వైపు నుంచి ఒక న్యాయమైన మాట ఉంది, అది కూడా చెప్పాలి. ముదురు గోడకు నిర్వహణ ఎక్కువ. 2020 ఆగస్టు వానలకు వరంగల్, హన్మకొండ కాలనీలెన్నో నీట మునిగాయి. మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు గానీ గోడలకు చెమ్మ ఎక్కింది. నీలం గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగింది. క్రీమ్ గోడలకూ అంతే పొంగింది, కనబడలేదు అంతే. అప్పుడు అత్తమ్మే, “అందుకే మా అమ్మ కింద జాజు పట్టె పెట్టేది, తడిసిన కాడ మళ్ళ పూసుకుంటె సరిపోతది” అంది. గోడ ఆరాక మోకాలెత్తున జాజు రంగు పట్టె వేయించాం. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ నీలం చేత్తో కలిపినది, ఏ కార్డులోనూ దాని నంబరు లేదు. కలిపిన మనిషి హైదరాబాద్‌కు పని కోసం వెళ్ళిపోయాడు. ఎక్కడైనా పెచ్చు లేస్తే అతుకు కలవదు, మచ్చలా కనిపిస్తుంది, మొత్తం గోడ వేయాల్సిందేనని ఈ కొత్త పెయింటర్ అన్నాడు. అది నిజమే. మచ్చ పడితే పడనీ అనుకుంటున్నాను.

కిరాయి ఇళ్ళలో

సొంత ఇల్లు కాబట్టి ఇన్ని మాటలు అని మీరు అనవచ్చు. మా బడిలో పనిచేసే ఒక టీచరమ్మ కాజీపేటలో కిరాయికి ఉంటుంది. మేకు కొట్టాలన్నా ఓనర్‌ను అడగాలి. లాక్‌డౌన్‌లో ఆమె పెట్టెలో మడిచి ఉన్న పెళ్ళినాటి జంపఖానా తీసి, కర్టెన్ రాడ్‌కు తగిలించి, మంచం ఎదురుగా గోడంతా కప్పేసింది. ఎరుపు, నలుపు, పసుపు. ఇల్లు మారినప్పుడు చుట్టి పట్టుకుపోయింది. రంగంటే డబ్బాల్లో వచ్చేది మాత్రమే అనుకోనక్కరలేదని ఆమెను చూసి తెలుసుకున్నాను. అయితే ఓనర్లకు ఒక మాట చెప్పాలనుంది. ఐదేళ్ళు, పదేళ్ళు ఉండే కుటుంబాన్ని ఒక్క గోడకు వాళ్ళకు నచ్చిన రంగు వేసుకోనివ్వండి. ఖాళీ చేసేటప్పుడు ఒక ప్రైమర్, రెండు మూడు కోట్లు, దానికయ్యే ఖర్చును అడ్వాన్సులో పట్టుకోండి. వాళ్ళు రోజూ కళ్ళు తెరిచేది ఆ గోడ ముందే కదా.

మళ్ళీ అడిగాను

పెయింటర్ వచ్చి వెళ్ళిన రాత్రి మా ఆయనతో ఇదంతా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఎర్ర గోడ నా కోసం తీసేసినవు కదా” అన్నారు. హాలు, వంటిల్లు ఆయన ఇష్టం ప్రకారం లేత రంగులే. దానికి నాకు అభ్యంతరం లేదు, వచ్చే కోడలు వచ్చాక ఆమెకు ఏం కావాలో ఆమె చెబుతుంది. వదినకు ఫోన్ చేసి చెప్పడం కొంచెం కష్టమైంది. “నీ ఇల్లు, నీ ఇష్టం” అంది, గొంతులో కొంచెం అలక ఉంది. పెళ్ళి పనుల్లో పడితే అదే పోతుంది.

మర్నాడు పొద్దున అత్తమ్మ పక్కన కూర్చుని, ఆదివారం అడగాల్సిన మాట అడిగాను. ఈ గోడ ఇట్లనే ఉంచుదామా, మార్పిద్దామా?

“మీ ఇష్టం బిడ్డా” అంది.

ఈసారి ఆ మాటతో లేచిపోలేదు, అలాగని మళ్ళీ మళ్ళీ అడగనూ లేదు. రెండు రోజులు ఊరుకున్నాను. నిన్న మధ్యాహ్నం మంచం మీద నుంచి వంగి, గోడ అడుగున చేత్తో రాసి చూసుకుంటూ పిలిచింది.

“ఇగో, ఈడ జాజు కొంచెం లేసిపోయింది. రంగులేసే పిలగాడు వస్తె గా జాజు దిద్దుమను.”